మ్యాపు వెనక మనుషులు: మా హైస్కూలు భూగోళం ప్రాజెక్టు డైరీ

జూన్, చివరి వారం

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను సోషల్ చెబుతాను. ఈ ఏడాది ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు భూగోళాన్ని పుస్తకం బయట కూడా చూపించాలని హెడ్‌మాస్టరు గారితో కూర్చుని ఒక ప్రాజెక్టు వేసుకున్నాం. మామూలుగా స్కూళ్లలో ట్రిప్పు ఒక ఫైలు, బయటివాళ్లను పిలిచి మాట్లాడించడం ఇంకో ఫైలు, కెరీర్ గైడెన్స్ మరో ఫైలు. ట్రిప్పు సంక్రాంతి ముందు, ఉపన్యాసం ఏదో ఒక దినోత్సవం నాడు, కెరీర్ గైడెన్స్ పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికొచ్చాక. మేం మూడింటినీ కలిపేశాం. పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎక్కడికి వెళ్లినా ఆ నేలతోనో, నీళ్లతోనో, గాలితోనో పనిచేసి బతుకుతున్న మనిషి ఒకరు పిల్లలతో మాట్లాడాలి. వాళ్లు ఏం చదివారు, పొద్దున లేచి ఏం చేస్తారు, ఆ పనిలో భూగోళం ఎక్కడ వస్తుంది అన్నవి పిల్లలే అడిగి ఒక కాగితం మీద రాసుకోవాలి. దానికి పని చీటీ అని పేరు పెట్టాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, మా పిల్లలకు భూగోళం అంటే పటంలో గుర్తించడం, మార్కులు తెచ్చుకోవడం, మర్చిపోవడం. వంశధార సముద్రంలో కలిసేది ఈ మండలంలోనే, కళింగపట్నం దగ్గర. ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లకు పైగా వచ్చిన ఏరు మా పిల్లల ఇళ్ల పక్కనే సముద్రంలో పడుతోంది. రోజూ దాన్ని చూస్తూ పెరిగే పిల్ల నదీముఖద్వారం నిర్వచనాన్ని కళ్లు మూసుకుని బట్టీ పడుతుంటే నాకు మనసు ఒప్పుకోదు.

జూలై

మొదటి ట్రిప్పు మా ఆటస్థలానికే. గ్రామ సచివాలయంలో సర్వేయర్‌గా పనిచేసే మేడమ్‌ని అడిగితే శనివారం నాడు రోవర్ అనే, ఉపగ్రహాల సాయంతో నేల కొలిచే పరికరం తీసుకుని వస్తానన్నారు. ఆవిడ వచ్చేలోపు పిల్లల చేత పాత పద్ధతిలో నేల కొలిపించాం. అసలు సర్వే గొలుసు దొరకలేదు గనక నైలాన్ తాడును 66 అడుగులకు కోసి, పది సమభాగాలు చేసి, ప్రతి భాగం దగ్గరా ఎర్ర గుడ్డపేలిక కట్టాం. గొలుసుకు 100 లింకులు, భాగానికి 10. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. ఒక గొలుసు పొడవు, పది లింకుల వెడల్పు ఉంటే సెంటు.

సెంటు మాట మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఇంటి స్థలం సెంటున్నరా, రెండు సెంట్లా అన్న మాటలు ప్రతి గుమ్మం దగ్గరా నడుస్తుంటాయి. అది ఎంత ఉంటుందో నేల మీద నిలబడి చూడడం మాత్రం ఇదే మొదలు. తాడుతో గీస్తే 66 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పుతో సన్నటి పట్టీ వచ్చింది. "ఇందులో ఇల్లెలా కడతారు మాస్టారూ, మంచం అడ్డంగా పట్టదు కదా" అంది తొమ్మిదో తరగతి పిల్ల. అంతే విస్తీర్ణాన్ని చతురస్రం చెయ్యమన్నాను. భుజం 21 అడుగులకు కాస్త తక్కువ వచ్చింది. నాలుగు మూలలా చెప్పులు పెట్టి, లోపల గది ఎక్కడ, పొయ్యి ఎక్కడ, నీళ్ల కుండీ ఎక్కడ అని పెద్ద వాదన పెట్టుకున్నారు. లెక్కల మాస్టారు కూడా వచ్చి ఆ వాదనలో కూర్చున్నారు.

తర్వాతి శనివారం మేడమ్ వచ్చారు. రోవర్ అంటే మనిషెత్తు కర్ర, పైన గుండ్రటి యాంటెన్నా, మధ్యలో బుడగ ఉన్న లెవల్, చేతిలో పట్టుకునే కంట్రోలర్. కర్ర నిటారుగా ఉందో లేదో బుడగ చెబుతుంది. ఒక్కొక్కరి చేతా పట్టించారు. గాలికి చెయ్యి కదిలితే బుడగ పక్కకు జరుగుతుంది, మళ్లీ సరిచేసుకోవాలి. ముందు నాలుగు ఫోన్లను ఒకే రాయి మీద పెట్టి లొకేషన్ చూశాం. నాలుగూ నాలుగు చోట్లు చూపించాయి, ఒకటైతే మమ్మల్ని ప్రహరీ బయట నిలబెట్టింది. రోవర్ తేడా సెంటీమీటర్లలోనే ఉంటుందని, ఉపగ్రహాల సిగ్నల్‌తో పాటు ముందే కచ్చితంగా స్థానం తెలిసిన స్టేషన్ల నుంచి దిద్దుబాటు లెక్క కూడా దానికి అందుతుందని మేడమ్ చెప్పారు. ఆకాశం తెరిచి ఉన్నచోట త్వరగా కుదురుకుంటుంది, వేపచెట్టు కింద నిలబెడితే తడబడుతుంది. ఆ తేడా చూడ్డానికే పిల్లలు నాలుగైదుసార్లు చెట్టుకిందికీ ఎండలోకీ తిరిగారు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే వల్ల ఈ పరికరం పల్లెల్లోకి వచ్చింది గానీ, పిల్లలను కట్టిపడేసింది పరికరం ఒక్కటే కాదు. గట్టు దగ్గర అన్నదమ్ములు తగువు పడుతుంటే మధ్యలో నిలబడి కొలత చెప్పడం ఎలా ఉంటుందో ఆవిడ చెప్పిన తీరు. "కొలత ఇద్దరి ముందూ తీస్తాను, ఇద్దరికీ స్క్రీన్ చూపిస్తాను, అప్పుడే రాస్తాను. ఇది నా పద్ధతి" అన్నారు. పని చీటీలో ఆ మాటను చాలామంది యథాతథంగా రాసుకున్నారు. చదువు సంగతీ అడిగారు. పాలిటెక్నిక్‌లో సివిల్, లేదా ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవాళ్లు ఈ ఉద్యోగానికి పోటీ పడొచ్చన్నారు.

సోమవారం క్లాసులో కావలి వెంకట బొర్రయ్య గురించి చెప్పాను. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర అంతకు ముందు పనిచేసిన ఏలూరు యువకుడు. ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయత్తులు (ఊళ్ల చరిత్ర రాతలు) సేకరించడంలో మెకంజీకి కుడిభుజంగా ఉన్నాడు. సర్వే అంటే తెల్లవాళ్ల పనే అనుకున్న పిల్లలకు ఈ కథ అవసరం.

ఆగస్టు

వానలు. ట్రిప్పు లేదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు గీతలతో చూపే మ్యాపు, మా ప్రాంతానిది ప్రింటు తీయించి నాలుగు బల్లలు కలిపి పరిచాం. మ్యాపు మీద 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. శాలిహుండం కొండ దగ్గర ఎత్తు గీతలు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి, ఏటి పక్కన అసలు గీతలే లేవు. బౌద్ధ భిక్షువులు ఆ కొండను ఎందుకు ఎంచుకున్నారో కారణాలు రాయమన్నాను. వరద అందదు, ఏరు కిందే ఉంది, ఓడలు వచ్చే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర్లో ఉంది. ఈ మూడూ ఎనిమిదో తరగతి పిల్లలు మ్యాపు చూసే చెప్పారు.

అక్టోబరు, మొదటి వారం

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో అక్టోబరు 1, 2 తేదీల్లో, మళ్లీ మార్చి 9, 10 తేదీల్లో ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు లేకపోతే జనం బారులు తీరి చూస్తారు. మా పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. అవే రోజులు ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

స్కూలు డాబా ఎక్కి సెప్టెంబరు రెండో వారం నుంచీ సూర్యోదయం ఎక్కడవుతోందో పిట్టగోడ మీద సుద్దతో గుర్తు పెట్టిస్తున్నాం. చూసేది ఒకే చోట నిలబడి, పాదాలు గీసిన గుర్తుల మీదే ఉంచి. సుద్ద గీతలు రోజురోజుకీ దక్షిణానికి జరిగాయి. డిసెంబరు 22 దాకా అలాగే పోతాయని, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాయని చెప్పాను. అప్పుడు తొమ్మిదో తరగతి కుర్రాడు క్యాలెండరు తెచ్చి లెక్కపెట్టాడు. అక్టోబరు మొదట్నుంచి డిసెంబరు 22కి సుమారు 80 రోజులు, అక్కడి నుంచి మార్చి 10కి కూడా దాదాపు అంతే. "అయితే సూర్యుడు వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే గుమ్మం ముందు నుంచి పోతాడన్నమాట!" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ గుడి ద్వారాలను తూర్పుకు ఎంత ఓరగా నిలిపారో, ఆ స్థపతులకు ఎన్నేళ్ల పరిశీలన ఉండి ఉంటుందో అన్నది వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు.

మా ఊళ్లో పంచాంగం చెప్పే సిద్ధాంతి గారిని పిలిచాం. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 22కైతే సంక్రాంతి జనవరి 14న ఎందుకని పిల్లలు నిలదీశారు. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల ఈ రెండు రోజుల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ, అంటే దాదాపు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతుందని, పంచాంగంలో దాన్నే అయనాంశ అంటారని ఆయన వేళ్ల మీద లెక్కగట్టి చూపించారు. ఆయన చీటీ కూడా గోడ మీదికెక్కింది.

అక్టోబరు, రెండో వారం

ఇది తుపాన్ల నెల. మా జిల్లాలో తుపాను పాఠం మొదలుపెట్టడానికి ప్రశ్న అక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ తీరం వెంట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మా తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పుడు ఆరేడేళ్లు. కంచిలి, కవిటి వైపు చుట్టాలున్న పిల్లలు ఇళ్లలో విన్నవన్నీ చెప్పారు. కొబ్బరి మొక్క నాటితే కాపు రావడానికి ఏళ్లు పడుతుంది గనక ఒక్క రాత్రి నష్టం ఇన్నేళ్లు ఎందుకు లాగుతుందో వాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు.

గ్రాఫు కాగితం మీద అక్షాంశాలు, రేఖాంశాలు గీసి, వాతావరణ శాఖ బులెటిన్లలో ఉండే స్థానాలను చుక్కలు పెట్టించాను. తీరం తాకిన చోటు 18.8 ఉత్తరం, 84.5 తూర్పు. తర్వాత అది లోపలికి నేరుగా పోకుండా ఒడిశా మీదుగా ఈశాన్యానికి ఒంపు తిరిగింది. చుక్కలు కలిపాక ఆ ఒంపు చూసి, మహేంద్రగిరి వైపు ఊళ్లలో అంత వాన, వరద ఎందుకొచ్చాయో మాట్లాడుకున్నాం. బులెటిన్లో "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్లు" అని వస్తుందని, అక్కడి వాతావరణ కేంద్రంలో రోజూ గాలి, ఉష్ణోగ్రత, వాన కొలిచి పంపేవాళ్లు ఉన్నారని తెలిశాక పిల్లల ముఖాలు మారిపోయాయి. టీవీలో వినే ఊరు తమదే.

నవంబరు

కళింగపట్నం ట్రిప్పు. దగ్గరే గనక ఆటోల్లో వెళ్లాం. తల్లిదండ్రుల సంతకాలు, నీళ్ల దగ్గర జాగ్రత్తలు, ఇద్దరు మత్స్యకార పెద్దలు కాపలా ఉంటేనే ఒడ్డుకు దిగడం, వీటిలో నేను ఎక్కడా సడలించను. ఆ ఒడ్డున అలలు మనిషిని లాగేస్తాయి.

ఇసుకతో మొదలుపెట్టాం. పాత స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో ఆడించమన్నాను. నల్లటి రేణువులు గుత్తులుగా అంటుకున్నాయి. భూతద్దం కింద మిగతా ఇసుకలో గులాబీ రంగు గార్నెట్లు, గాజులా మెరిసే క్వార్ట్జ్ కనిపించాయి. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు లక్షల ఏళ్లు అరిగి, ఏటివెంట వచ్చి, అలలు తేలిక రేణువులను లాక్కుపోతే బరువైనవి ఒడ్డున మిగిలిపోయాయి. ఇల్మెనైట్ అలాంటిదే, పెయింట్లలో వాడే తెల్లరంగు దాని నుంచి తీస్తారు. పిల్లలు కొండలనూ సముద్రాన్నీ ఒకే గుప్పిట్లో పట్టుకున్నారు.

తర్వాత మాట్లాడింది మా ఎనిమిదో తరగతి పిల్లవాడి నాన్న. చిన్నప్పటి నుంచీ వేటకు వెళ్లే మనిషి. ముందు సిగ్గుపడ్డాడు, మ్యాపు పరిచేసరికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మాస్టారూ, మీ మ్యాపులో మొగ ఇక్కడుంది. వరదొచ్చాక అది అక్కడుండదు. గాలి దక్షిణం నుంచి పడినన్నాళ్లూ ఇసక అలా ఉత్తరానికే నడుస్తాది" అని వేలితో చూపించాడు. నైరుతి రుతుపవనాల కాలంలో తూర్పు తీరం వెంట ఇసుక ఉత్తరం వైపు జరగడం గురించి నేను చెప్పాల్సిన పాఠం ఆయనే చెప్పేశాడు.

ఒక పిల్ల లోతు ఎలా తెలుస్తుందని అడిగింది. తాడుకు సీసం గుండు కట్టి దించి, బారలు లెక్కపెడతామన్నాడు. ఇప్పుడు ఫోన్లో వచ్చే చేపల సమాచారం కూడా చూపించాడు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలతో సముద్రపు నీటి వేడిని, పచ్చదనాన్ని కొలిచి చేపలు ఎక్కువగా ఉండే చోట్లను అంచనా వేసి పంపిస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుకి, ఎన్ని డిగ్రీలు, ఎంత దూరం, ఎంత లోతు అన్నవి అందులో ఉంటాయి. కోణమానిని, స్కేలు తీసుకుని పిల్లలు ఇసుకలోనే ఆ చోటును గుర్తించారు. ఒక నాటికల్ మైలు అంటే అక్షాంశంలో ఒక నిమిషం, 1.852 కిలోమీటర్లు. ఈ లెక్కను పుస్తకంలో చదివినప్పుడు ఎవరూ తలెత్తలేదు.

సముద్రం మీద సరిహద్దు గురించీ మాట్లాడుకున్నాం. మన జిల్లావాళ్లు గుజరాత్ వేరావల్ దాకా వలస పోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ దళాలకు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి చేరారు. నీటి మీద గీత కంటికి కనపడదు, తెలుసుకోవడానికి పరికరం ఉండాలి, అది చదవడం రావాలి. అందుకే ఆ రోజు పని చీటీలో విశాఖలోని సిఫ్‌నెట్ అనే కేంద్ర మత్స్య, నౌకా శిక్షణ సంస్థ గురించి తప్పనిసరిగా రాయించాను. అక్కడ పదో తరగతి తర్వాత రెండేళ్ల వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులున్నాయి, లెక్కలు, సైన్సులో మార్కులు కావాలి. వేటకు పోయే ఇంటి పిల్లవాడికి సముద్రం గురించి ఇప్పటికే సగం తెలుసు. మిగతా సగం సర్టిఫికెట్టుతో వస్తే బోటు కెప్టెన్ కావొచ్చు. ఈ మాట మా బడుల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

డిసెంబరు

పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం, చిత్తడి నేలలు, ఉప్పు మడులు ఉన్న నౌపడ. బస్సు మాట్లాడుకుని ఒకే రోజు రెండూ చూశాం. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్యనే గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు, పక్షులు రాకపోతే అరిష్టమని వాళ్ల నమ్మకం.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. గూళ్లలో పిల్లల్ని చూసి మా అమ్మాయి ఒకతె అడిగింది, "ఇక్కడే పుడితే ఇదే కదండీ వీటి ఊరు?" ఆ ప్రశ్న సరైనది. ఈ రెండు జాతులూ మన ఉపఖండంలోనే గూడు కట్టి పిల్లల్ని చేసేవి, నీళ్లు, చేపలు ఉన్నచోటికి కాలాన్ని బట్టి తిరుగుతుంటాయి. ఉత్తరం నుంచి చలికాలానికి వచ్చే బాతులు వేరు, అవి ఇక్కడ గూడు కట్టవు. నౌపడ చిత్తడి నేలల్లో మేత, తేలినీలాపురంలో గూడు. ఈ రెండింటి మధ్య పక్షులు తిరిగే దారిని పిల్లలు మ్యాపులో బాణాలతో వేశారు. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ గారు రోజూ గూళ్లు ఎలా లెక్కపెడతారో చెప్పారు. ఇంటర్ పాసైతే ఆ పరీక్ష రాయొచ్చు.

నౌపడ ఉప్పు మడుల దగ్గర ఎక్కువసేపు ఉండలేకపోయాం. అప్పుడే మడులు సిద్ధం చేస్తున్నారు.

జనవరి, ఫిబ్రవరి

పని చీటీలు ఇప్పుడు వరండా గోడ పొడవునా ఉన్నాయి. సంక్రాంతి తర్వాత పదో తరగతి తల్లిదండ్రులను పిలిచి ఆ గోడ ముందే మాట్లాడాం. పీపీటీ పెట్టలేదు. చీటీ రాసిన పిల్లలే చదివి వినిపించారు.

ఇంట్లో అందరికీ తెలిసిన దారి ఎంపీసీ, బైపీసీ, లేదంటే పాలిటెక్నిక్. భూగోళం కావాలంటే హెచ్‌ఈసీ ఒక్కటేనేమో అని భయం. అలా కాదని చెప్పాం. ఎంపీసీ చదివి డిగ్రీలో ఫిజిక్స్, లెక్కలు తీసుకున్నవాళ్లకు వాతావరణ శాఖ వైపు దారి ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో భూగోళం, భూగర్భశాస్త్రం, వాతావరణ, సముద్ర శాస్త్రాలు అన్నీ ఉన్నాయి, విశాఖ మనకు దగ్గర. ఉపగ్రహ చిత్రాలతో పనిచేయాలనుకుంటే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంటర్‌లోనే మొదలుపెట్టొచ్చు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్టుకు పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండాలి.

ఒక తల్లి లేచి, "ఆడపిల్ల ఎండలో గట్ల వెంట తిరిగే ఉద్యోగమేటండి మాస్టారూ, టెన్షన్ కదా" అన్నారు. జూలైలో వచ్చిన సర్వేయర్ మేడమ్ అక్కడే ఉన్నారు. "అమ్మా, నేనూ పొలాలున్న ఇంటి నుంచే వచ్చాను. మా నాన్న భూమి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం చూశాను. ఇప్పుడు ఆ కాగితం నేను రాస్తున్నాను" అన్నారు. ఆ తల్లి మీటింగ్ అయ్యాక ఆవిడ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మార్చి

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి, వాళ్లను వదిలేశాం. ఎనిమిది, తొమ్మిది వాళ్లు మార్చి 9న మళ్లీ డాబా ఎక్కారు. సూర్యుడు అక్టోబరు 2 నాటి సుద్ద గీత దగ్గరే లేచాడు, ఒక వేలెడు అటు. వానకు చెరిగిపోకుండా ఆ గీతను నవంబరులోనే పెయింటు చేయించి ఉంచాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకార తండ్రులు ఒడ్డునే ఉంటారు గనక బారలు, గాలులు, చేపల కాలాల మీద వాళ్లకు తెలిసినవన్నీ పిల్లల చేత రాయించాలని అనుకున్నాం. వేసవి సెలవుల పని అదే. వచ్చే ఏడాది టెక్కలి నీలి గ్రానైట్ క్వారీలు, హిరమండలం గొట్టా బ్యారేజీ చేర్చాలి. అక్కడి రిజర్వాయరు నుంచే ఉద్దానం ఊళ్లకు తాగునీరు వెళుతోంది. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అలాంటి ఇళ్లు మా పిల్లల చుట్టాల్లోనే ఉన్నాయి కాబట్టి ఆ పాఠానికి నీళ్లు పరీక్షించేవాళ్లు, పలాస కిడ్నీ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు కూడా మాట్లాడాలి. ఇద్దరికీ హెడ్‌మాస్టరు గారి సంతకంతో ఉత్తరాలు పంపాం. పాలిసెట్ ఫారాలు పెట్టాల్సిన పిల్లల జాబితా బోర్డు మీద ఉంది, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పున్నవాళ్లది ఈ వారమే సరిచేయించాలి.